శునకాల మాస్ట్ కణ కణితులలో లక్షిత చికిత్సకు నిరోధకత: కిట్ ప్రోటీన్‌లో వచ్చే మార్పులు

శునకాల చర్మంపై ఏర్పడే ప్రాణాంతక కణితులలో మాస్ట్ కణ కణితి అతి సాధారణమైనది. బాక్సర్, పగ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతులలో ఇది తరచుగా కనిపిస్తుంది. శస్త్రచికిత్సతో చుట్టూ తగినంత మంచి కణజాలంతో సహా తొలగించగలిగితే చాలా సందర్భాలలో చిక్కు తీరినట్లే. కోయడానికి వీలుకాని చోట పెరిగినా, కోసిన తరువాత తిరిగి తలెత్తినా, దగ్గరి లింఫ్ గ్రంథికి పాకినా మందులే ఆధారం. 2009 జూన్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ టోసెరానిబ్ ఫాస్ఫేట్‌ను ఆమోదించింది. శునకాల క్యాన్సర్ కోసమే రూపొందించి ఆ దేశంలో అనుమతి పొందిన మొదటి మందు ఇదే. అంతకు ముందు ఏడాదే ఐరోపాలో మాసిటినిబ్‌కు అనుమతి లభించింది. ఈ రెండూ కణ విభజనను గుడ్డిగా అడ్డుకునే పాత తరహా మందులు కావు; కణితి పెరుగుదలకు మూలమైన ఒక ప్రోటీన్‌ను ఎంచుకుని దానిని నిలువరించే లక్షిత చికిత్సలు.

టోసెరానిబ్ ఆమోదానికి ఆధారమైన క్షేత్ర పరీక్షలో మొదటి దశలో మందు పొందిన శునకాలలో 37.2 శాతం, ఉత్తుత్తి మాత్ర పొందిన వాటిలో 7.9 శాతం స్పందించాయి. తరువాత ఉత్తుత్తి మాత్ర నుంచి మందుకు మారిన వాటితో కలుపుకుని మొత్తం 145 శునకాలు టోసెరానిబ్ పొందగా 62 స్పందించాయి. వీటిలో 21 శునకాలలో కణితి పూర్తిగా కనుమరుగైంది, 41లో పాక్షికంగా తగ్గింది. ఇంతవరకు ప్రోత్సాహకరమే. కానీ ఆ 62 శునకాలలో స్పందన నిలిచిన మధ్యగత కాలం 12 వారాలు మాత్రమే. కణితి మళ్ళీ ముదరడానికి పట్టిన మధ్యగత కాలం 18.1 వారాలు. మందు చక్కగా పనిచేసిన శునకాలలోనూ సగం వాటికి ఆ మేలు మూడు నెలలు దాటలేదు. ఈ మూడు నెలలలో కణితి కణం లోపల ఏమి మారింది? పెంపుడు శునకం యజమాని అడిగేది ఇదే ప్రశ్న, మాటలు మాత్రం వేరు: "మొన్నటి దాకా పనిచేసిన మందు ఇప్పుడెందుకు పనిచేయడం లేదు?"

జవాబు కోసం సాధారణంగా జన్యువు వైపు చూస్తారు. అది అవసరమే గానీ సరిపోదు. గత దశాబ్దిన్నర పరిశోధనను నిదానంగా పరిశీలిస్తే, నిరోధకత అసలు రూపం ప్రోటీన్ స్థాయిలో, అంటే దాని ఆకృతిలో, పరిమాణంలో, ఆయుర్దాయంలో, దానిపై అతికిన ఫాస్ఫేట్ గుర్తులలో కనిపిస్తుంది. జన్యు పరీక్ష ఒక్కటే చేసి ఆగితే వీటిలో కొన్ని అసలు కంటపడవు.

కిట్: తలుపు గడియ ఊడిన గ్రాహకం

కిట్ అనేది మాస్ట్ కణపు పొరలో నిలిచి ఉండే గ్రాహక ప్రోటీన్, టైరోసిన్ కైనేజ్ వర్గానికి చెందినది. దాని ఒక భాగం కణం వెలుపల, మరొక భాగం లోపల ఉంటుంది. వెలుపలి భాగానికి మూలకణ కారకం అనే సంకేత ప్రోటీన్ వచ్చి అతుక్కున్నప్పుడు రెండు కిట్ అణువులు జతకూడి, ఒకదాని లోపలి భాగంలోని టైరోసిన్‌లకు మరొకటి ఫాస్ఫేట్‌ను అంటిస్తుంది. ఆ ఫాస్ఫేట్ గుర్తులను పట్టుకుని ఈఆర్‌కే, ఏకేటీ, స్టాట్ వంటి ప్రోటీన్‌ల ద్వారా సంకేతం కేంద్రకం వరకు వెళుతుంది. కణం బ్రతుకుతుంది, విభజన చెందుతుంది. సంకేతం రానప్పుడు పొరకు ఆనుకుని లోపలివైపు ఉండే చిన్న భాగం కైనేజ్‌ను మూసి ఉంచుతుంది. తలుపుకు గడియ ఎలాంటిదో కైనేజ్‌కు ఈ భాగం అలాంటిది.

మాస్ట్ కణ కణితులలో కొన్నింట ఈ గడియనే తయారుచేసే ఎక్సాన్ 11లో ఒక ముక్క రెండుసార్లు వరుసగా నకలు పడుతుంది. దీనిని అంతర్గత జంట పునరావృత్తి అంటారు. 1990ల చివరలోనే ఈ మార్పును శునకాలలో గుర్తించారు. గడియ భాగం సాగిపోయి సరిగా మూతపడదు. బయటి సంకేతం లేకుండానే కైనేజ్ నిరంతరం పనిచేస్తూ ఉంటుంది. వెలుపలి భాగానికి చెందిన ఎక్సాన్ 8, 9లలో కూడా ఇదే ఫలితాన్నిచ్చే ఉత్పరివర్తనలు ఉన్నాయని 2008 నాటికి తెలిసింది. టోసెరానిబ్, మాసిటినిబ్, మానవ వైద్యం నుంచి వచ్చిన ఇమాటినిబ్, ఈ మూడూ కైనేజ్‌లో ఏటీపీ అతుక్కునే గూటిలోకి చేరి ఫాస్ఫేట్ బదిలీని ఆపుతాయి. అందువల్లనే పైన చెప్పిన పరీక్షలో కిట్ ఉత్పరివర్తన ఉన్న కణితులు 69 శాతం స్పందించగా లేనివి 37 శాతమే స్పందించాయి. ఇమాటినిబ్‌తో 2008లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 21 శునకాలలో 10 స్పందించాయి. ఎక్సాన్ 11 పునరావృత్తి ఉన్న అయిదింటికి అయిదూ స్పందించాయి.

ఇక్కడ ఒక మాట. ఉత్పరివర్తన లేని కణితులలోనూ 37 శాతం స్పందన రావడాన్ని చాలామంది పట్టించుకోకుండా వదిలేస్తారు. టోసెరానిబ్ కిట్‌ను మాత్రమే కాక, కణితికి రక్తనాళాలను సమకూర్చే గ్రాహకాలను కూడా అడ్డుకుంటుంది. కనుక 'ఉత్పరివర్తన లేదు, మందు దండగ' అని యజమానికి చెప్పి పంపడం సరికాదు.

గూడు ఆకారం మారినప్పుడు

ఆర్జిత నిరోధకతకు మొదటి మార్గం సులభంగా ఊహించదగినదే. ఔషధ ఒత్తిడిలో కోట్ల కణాల మధ్య ఎక్కడో ఒక కణంలో కిట్ జన్యువుకు రెండో ఉత్పరివర్తన వస్తుంది. కైనేజ్ గూటిలో ఒక అమైనో ఆమ్లం స్థానంలో మరొకటి చేరడంతో ఏటీపీ పడుతుంది గానీ మందు పట్టదు. మరికొన్ని ఉత్పరివర్తనలు గూటిని నేరుగా తాకవు. అవి కైనేజ్ క్రియాశీల ఉచ్చు అనే భాగాన్ని ఎప్పుడూ తెరిచిన స్థితిలో ఉంచుతాయి. ఇమాటినిబ్ మూసి ఉన్న స్థితిలోని కైనేజ్‌ను మాత్రమే బాగా పట్టుకోగలదు కనుక, తెరిచి ఉన్న దానిపై దాని బలం తగ్గిపోతుంది. మనుషుల జీర్ణాశయ స్ట్రోమల్ కణితులలో ఇమాటినిబ్ విఫలమైనప్పుడు ఎక్సాన్ 13, 14, 17లలో కనిపించే ద్వితీయ ఉత్పరివర్తనలు ఈ రెండు రకాలకూ చెందినవే.

శునకాలలోనూ ఇదే జరుగుతుందని ప్రయోగశాల మొదట చూపింది. ఎక్సాన్ 11 పునరావృత్తి గల సీ2 అనే శునక మాస్ట్ కణ వంశాన్ని టోసెరానిబ్‌కు దీర్ఘకాలం గురిచేసి నిరోధక ఉపవంశాలను తయారుచేసిన కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ బృందం 2014లో తన ఫలితాలను ప్రచురించింది. మాతృ కణాలలో కిట్ ఫాస్ఫోరిలీకరణను ఆపిన మందు, నిరోధక కణాలలో ఆపలేకపోయింది. వాటిలో గడియ భాగంలోనూ కైనేజ్ భాగంలోనూ కొత్త ఉత్పరివర్తనలు, కిట్ ప్రోటీన్ అధికోత్పత్తి కనిపించాయి. వైద్యుడికి ఉపయోగపడే అంశం ఆ పరిశోధనలోనే మరొకటి ఉంది: టోసెరానిబ్‌కు లొంగని ఆ కణాలు విన్‌బ్లాస్టిన్‌కు, లోముస్టిన్‌కు లొంగాయి. లక్షిత చికిత్సకు మొండికేసిన కణితి అన్ని మందులకూ మొండికేసినట్లు కాదు. తరువాత 2017లో ఇమాటినిబ్ పనిచేయడం మానిన ఒక శునకపు కణితిలోనే కైనేజ్ భాగపు ద్వితీయ ఉత్పరివర్తనను జపాన్ పరిశోధకులు గుర్తించడంతో, ప్రయోగశాల పళ్ళెంలో చూసినది రోగిలో కూడా జరుగుతున్నట్లు తెలిసింది.

జన్యువు మారకుండానే ప్రోటీన్ పెరిగినప్పుడు

రెండో మార్గం మరింత ఆలోచింపజేస్తుంది. టోక్యోలోని నిప్పాన్ పశువైద్య, జీవశాస్త్ర విశ్వవిద్యాలయ బృందం కోమ్స్ అనే మరొక కణ వంశాన్ని, దాని నుంచి ఇమాటినిబ్ ఒత్తిడిలో పుట్టిన ఆర్‌కోమ్స్1 అనే నిరోధక ఉపవంశాన్ని పక్కపక్కన పెట్టి పరీక్షించింది. నిరోధక కణాలలో కిట్ ప్రోటీన్ బాగా పెరిగింది. మామూలుగా దీనికి రెండు కారణాలు వెతుకుతారు: జన్యువు ప్రతులు పెరగడం, లేదా జన్యువు నుంచి వెలువడే సందేశ ఆర్‌ఎన్‌ఏ పెరగడం. రెండూ కనిపించలేదు. కారణం ప్రోటీన్ పుట్టుకలో కాక దాని తుదిదశలో దొరికింది.

సంకేతం అందించిన కిట్ అణువును కణం ఎక్కువసేపు ఉంచుకోదు. యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను దానికి తగిలిస్తుంది. రద్దు చేసిన కాగితంపై ముద్ర వేసినట్లు ఈ గుర్తు పడిన ప్రోటీన్‌ను కణం లోపలికి లాగి విచ్ఛిన్నం చేస్తుంది. నిరోధక కణాలలో ఈ ముద్ర పడటం తగ్గింది. ప్రతి కిట్ అణువు ఆయుర్దాయం పెరిగి, పొరపై అణువులు పేరుకుపోయాయి. మందు ఉన్న మేరకు కొన్నింటిని కట్టివేస్తున్నా, మిగిలిన అణువులు సంకేతాన్ని నడపడానికి సరిపోతున్నాయి. 2017లో వెలువడిన ఈ పరిశోధన ప్రాముఖ్యం ఒక్క కణ వంశానికి పరిమితం కాదు. కణితి ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి పీసీఆర్‌తో, క్రమనిర్ణయంతో పరీక్షించే ప్రయోగశాల ఈ శునకం విషయంలో 'కొత్త మార్పు ఏమీ లేదు' అనే నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక తప్పు కాదు. అడగవలసిన ప్రశ్న మాత్రం అది కాదు.

మందు సంకేతాన్ని ఆపుతున్నదా లేదా అన్నది ప్రోటీన్‌ను చూస్తేనే తెలుస్తుందని టోసెరానిబ్ అభివృద్ధి దశలోనే రుజువైంది. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మందు ఒక్క మోతాదు ఇవ్వడానికి ముందు, ఇచ్చిన కొన్ని గంటల తరువాత శునకాల కణితుల నుంచి నమూనాలు తీసి, ఫాస్ఫేట్ అంటిన కిట్ ఎంత తగ్గిందో కొలిచారు. రోగి శరీరంలోనే లక్ష్యం దెబ్బతిన్నదని చూపిన ఆ పద్ధతిని నిరోధకత వచ్చిన శునకాలలో మళ్ళీ వాడటం మాత్రం అరుదుగా జరుగుతోంది. ఈ రంగంలో ఇది స్పష్టమైన లోటు.

పక్కదారులు

మూడో మార్గంలో కిట్‌ను మందు సక్రమంగానే ఆపుతుంది. కానీ కింది స్థాయి ప్రోటీన్‌లు వేరొక గ్రాహకం నుంచి సంకేతం అందుకుంటాయి. దీనికి మాస్ట్ కణ కణితి కంటే మూత్రాశయ క్యాన్సర్ మంచి ఉదాహరణ. శునకాల మూత్రాశయ యూరోథీలియల్ కార్సినోమాలో అత్యధిక భాగం బీ-రాఫ్ ప్రోటీన్ 595వ స్థానంలో వాలిన్‌కు బదులు గ్లుటామేట్ కలిగి ఉంటుందని 2015లో రెండు బృందాలు వెల్లడించాయి. మనుషుల మెలనోమాలో 600వ స్థానంలో కనిపించే మార్పుకు ఇది అచ్చంగా జోడీ. ఆ మానవ మందు వెమురాఫెనిబ్‌ను అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం ఈ శునకాలపై పరీక్షించింది. 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తట్టుకోగల గరిష్ఠ మోతాదు పొందిన 24 శునకాలలో 9 పాక్షికంగా స్పందించాయి. వ్యాధి ముదరకుండా నిలిచిన మధ్యగత కాలం 181 రోజులు. ఇక్కడా స్పందన వస్తుంది, కొంతకాలానికి పోతుంది.

మనుషుల పెద్దప్రేగు క్యాన్సర్‌లో బీ-రాఫ్‌ను ఆపగానే ఈజీఎఫ్ గ్రాహకం మేల్కొని ఈఆర్‌కేను తిరిగి నడిపిస్తుందని 2012లోనే తెలిసింది. శునక మూత్రాశయ కణాలలోనూ ఈ కుటుంబపు గ్రాహకాలు చురుకుగా ఉంటాయి కనుక, ఒకే మందుతో సరిపెట్టక రెండు స్థానాలలో ఏకకాలంలో అడ్డుకట్ట వేయాలనే ఆలోచనకు బలం ఉంది. పర్డ్యూ పరీక్షలో మరొక విశేషం: 18 శాతం శునకాలకు చర్మంపై కొత్తగా స్క్వామస్ కణ కార్సినోమా, పాపిలోమాలు వచ్చాయి. మనుషులలో కూడా ఈ మందుతో ఇదే జరుగుతుంది. బీ-రాఫ్ మామూలుగా ఉన్న చర్మ కణాలలో రాఫ్ అణువుల జంటలో ఒకదానికి మందు అతుక్కుంటే రెండోది మరింత చురుకవుతుంది. ఒక కణంలో సంకేతాన్ని ఆపే మందే పక్క కణంలో దానిని పెంచడం ప్రోటీన్‌ల జతకట్టే స్వభావం వల్ల కలిగిన విడ్డూరం.

నిరోధకత అనడానికి ముందు

క్షేత్రంలో 'మందు పనిచేయడం మానేసింది' అనే ఫిర్యాదులన్నీ పై మూడు మార్గాలలో దేనికో చెందుతాయని అనుకోరాదు. మాస్ట్ కణ కణితి ప్రెడ్నిసోలోన్‌తో కూడా కొంతకాలం కుంచించుకుపోతుంది. లక్షిత మందును, స్టెరాయిడ్‌ను ఒకేసారి మొదలుపెట్టి, తరువాత స్టెరాయిడ్‌ను తగ్గించగానే కణితి పెరిగితే నింద లక్షిత మందుపై పడుతుంది. వాంతులు, విరేచనాల వల్ల మోతాదు వంటపట్టకపోవడం, శునకం ఆకలి మందగించిందని యజమాని వారంలో రెండు మాత్రలు ఎగరగొట్టడం అంతకంటే సాధారణం. ఏటీపీ గూటిలో పోటీపడి పనిచేసే మందు రక్తంలో పలుచబడిన ప్రతిసారీ సంకేతం తిరిగి నడుస్తుంది. సగం మోతాదులో బ్రతికిన కణాలే ముందుముందు నిజమైన నిరోధకతకు విత్తనాలవుతాయి.

మన దేశ పరిస్థితిలో ఈ అంశానికి మరింత బరువుంది. ఇమాటినిబ్‌పై నోవార్టిస్ సంస్థ పేటెంట్ వాదనను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించింది. దేశీయ జనరిక్ ఇమాటినిబ్ మానవ ఔషధంగా మందుల దుకాణాలలో లభిస్తుంది కనుక పశువైద్యులు దానిని శునకాలకు సూచించే వీలుంది. పైన చెప్పిన జపాన్ అధ్యయనంలో వాడిన మోతాదు కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు. 30 కిలోల లాబ్రడార్‌కు అది రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు. దీనిని నెలల తరబడి కొనసాగించాలంటే ఖర్చు తక్కువేమీ కాదు. కణితి కనుమరుగవగానే మాత్రలు తగ్గించాలన్న కోరిక యజమానికి సహజంగానే కలుగుతుంది. చికిత్స మొదటి రోజునే ఈ విషయం స్పష్టంగా మాట్లాడుకోవడం, మాత్రల లెక్క రాసే చిన్న పుస్తకం ఇవ్వడం, కాలేయ, మూత్రపిండ పరీక్షలు, రక్తకణాల లెక్క క్రమంగా చేయించడం వైద్యుడి బాధ్యత.

రెండో నమూనా

వీటన్నిటినీ సరిచూసిన తరువాత కూడా కణితి పెరుగుతుంటే మళ్ళీ నమూనా తీయాలి. చాలా ఆసుపత్రులలో మొదటి నిర్ధారణకు తీసిన నమూనాయే చివరిదవుతుంది. 'ఏ కణితో తెలుసు కదా, మళ్ళీ ఎందుకు?' అనే ప్రశ్న వినడానికి బాగానే ఉంటుంది గానీ, మూడు నెలల మందు ఒత్తిడి తరువాత మిగిలినది మొదటి కణితి కాదు. మాస్ట్ కణాలు నలిగితే హిస్టమిన్, హెపారిన్ వెలువడి వాపు, రక్తస్రావం కలుగుతాయి కనుక ముందుగా యాంటీహిస్టమిన్ ఇచ్చి నమూనా తీయడం మంచిది.

నమూనాను రెండుగా పంచాలి. ఒక ముక్కను దాని పరిమాణానికి పది రెట్లు ఉండే 10 శాతం తటస్థ బఫర్ ఫార్మలిన్‌లో వేస్తే కణజాల పరీక్షకు, కిట్ ప్రోటీన్‌ను రంగుతో గుర్తించే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీకి పనికొస్తుంది. ఇందులో కిట్ పొర అంచున ఉన్నదా, కణ ద్రవ్యంలో చుక్కలుగా ఉన్నదా, అంతటా పరచుకున్నదా అనే మూడు నమూనాలుగా నివేదిస్తారు. రెండు, మూడు రకాలు రోగ భవిష్యత్తు బాగులేదని సూచిస్తాయి. అవి మందు పట్టదని చెప్పే పరీక్షలు కావు. విద్యార్థులు ఈ రెంటినీ తరచుగా కలగలుపుతుంటారు.

రెండో ముక్క ఫాస్ఫేట్ గుర్తుల కోసం. రక్తప్రసారం ఆగిన నిమిషాల నుంచే కణంలోని ఫాస్ఫటేజ్ ఎంజైములు ఈ గుర్తులను చెరపడం మొదలుపెడతాయి. అందువల్ల ఆ ముక్కను వెంటనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించాలి. ఇది పెద్ద పరిశోధనాలయాలకే సాధ్యమని నిరుత్సాహపడనవసరం లేదు. కృత్రిమ గర్భధారణ కోసం ఘనీభవించిన వీర్యం నిల్వచేసే నత్రజని పాత్ర ఎన్నో పశువైద్యశాలలలో ఉంటుంది. మైనస్ 196 డిగ్రీల ఆ ద్రవం పశువు వీర్యానికీ శునకపు కణితి ముక్కకూ ఒకే రకంగా పనిచేస్తుంది. వీర్యపు గొట్టాలు ఉన్న పాత్రలోనే నమూనాను ఉంచడం మాత్రం కూడదు. వేరే చిన్న పాత్రలో పోసుకుని వాడాలి. అలా భద్రపరచిన నమూనాలు పశువైద్య విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు చేరితే, వెస్టర్న్ బ్లాట్‌తో మొత్తం కిట్ ఎంత, ఫాస్ఫేట్ అంటిన కిట్ ఎంత అని కొలవవచ్చు. ద్రవ్యరాశి వర్ణపటమాపకం అందుబాటులో ఉన్నచోట వేల ప్రోటీన్‌ల మార్పులను ఒకేసారి చూడవచ్చు.

వచ్చే ఫలితం చికిత్స నిర్ణయాన్ని మార్చగలదు. మొత్తం కిట్ మామూలుగా ఉండి ఫాస్ఫేట్ గుర్తులు తగ్గకుంటే గూటి ఆకారం మారిందేమోనని అనుమానించి ఎక్సాన్ 11తో పాటు కైనేజ్ భాగపు ఎక్సాన్‌ల క్రమాన్ని చూడాలి. వేరే రకం నిరోధకాన్ని ఆలోచించాలి. మొత్తం కిట్ బాగా పెరిగి ఉంటే, క్రమనిర్ణయంలో ఏమీ దొరకకపోయినా ఆశ్చర్యపడనవసరం లేదు. కిట్‌పై ఫాస్ఫేట్ తగ్గి, ఈఆర్‌కేపై తగ్గకపోతే సంకేతం పక్కదారి పట్టినట్లు. అప్పుడు కిట్ నిరోధకాన్నే ఇంకా బలంగా ఇవ్వడం వల్ల దుష్ఫలితాలు పెరుగుతాయే తప్ప కణితి తగ్గదు, విన్‌బ్లాస్టిన్ వంటి మందుకు మారడం మేలు. ఈ అంచనాలన్నీ కొద్దిపాటి కణ వంశాలు, అంతకంటే తక్కువ రోగుల ఆధారంగా నిలిచినవి. వీటిని వందల శునకాలలో సరిచూడవలసి ఉంది. ఆ పనికి కావలసిన మొదటి వస్తువు, ఒకే శునకం నుంచి చికిత్సకు ముందు, నిరోధకత తరువాత తీసిన నమూనాల జంట. రెండో నమూనా చీటీపై శునకం వయసు, జాతితో పాటు చివరి మాత్ర ఏ తేదీన, ఏ గంటకు వేశారో కూడా రాసి ఉండాలి. అది తెలియకుండా ఫాస్ఫేట్ కొలతకు అర్థం చెప్పడం వీలుకాదు.